తగ్గి మళ్లీ పెరిగిన నొప్పి: కింది జ్ఞానదంతం సర్జరీ తర్వాత ఒక కేసు

పేషెంట్‌కు 27 ఏళ్లు, బరువు 58 కిలోలు. ఎడమ వైపు కింది జ్ఞానదంతం, అంటే దంతవైద్యుల లెక్కలో 38వ నంబరు పన్ను, ముందుకు ఒరిగి పక్క పన్నుకు ఆనుకుని ఉంది. పైభాగం సగం చిగురు కిందే ఉండిపోయింది. గడిచిన ఆర్నెల్లలో దాని చుట్టూ చిగురు రెండుసార్లు వాచింది. రెండోసారి నోరు కూడా సరిగా తెరుచుకోలేదు. ఆ వాపు పూర్తిగా తగ్గి నాలుగు వారాలయ్యాక సర్జరీ పెట్టుకున్నాం. బీపీ, షుగర్, ఆస్తమా, అల్సర్ లేవు. మందుల అలర్జీ లేదు. "రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా అండీ?" అని అడిగితే "ఏమీ లేవు" అన్నారు. ఈ జవాబు తర్వాత చాలా దూరం తీసుకెళ్లింది.

ఉదయం 10:20కి మత్తు ఇచ్చాం. 2 శాతం లిగ్నోకెయిన్, 1:80,000 అడ్రినలిన్‌తో, 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్‌లు మూడు, అంటే మొత్తం 108 మి.గ్రా. చిగురు తెరిచి, పన్ను బయటి వైపూ వెనక వైపూ ఎముకను బర్ అనే చిన్న డ్రిల్ ముక్కతో కొద్దిగా తీసి, పన్నును రెండు ముక్కలు చేసి బయటికి తెచ్చాం. వేరు కొన వంకర తిరిగి ఉండటంతో 42 నిమిషాలు పట్టింది. ఎముక మీద బర్ ఎంతసేపు తిరిగితే తర్వాతి వాపూ నొప్పీ అంత ఎక్కువ, సెలైన్ ధార ఎంత బాగా పోసినా సరే. సాకెట్, అంటే పన్ను తీసిన గుంట, కడిగి మూడు కుట్లు వేశాం. సర్జరీకి ముందు నోరు 44 మి.మీ. తెరుచుకునేది. ఈ కొలత ముందే రాసి ఉంచుకోకపోతే, నాలుగో రోజు 29 మి.మీ. అన్న అంకెకు అర్థం ఉండదు.

మందులు: ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా., దానితో పాటే పారాసిటమాల్ 500 మి.గ్రా., ఆరు గంటలకోసారి, ఏదైనా తిన్నాక. రోజుకు 1600 మి.గ్రా. ఐబుప్రొఫెన్, 2000 మి.గ్రా. పారాసిటమాల్ అవుతుంది. ఈ రెండూ చేసే పని వేరు. ఐబుప్రొఫెన్ గాయం దగ్గర వాపునూ నొప్పినీ పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుంది కాబట్టి వాపూ నొప్పీ రెండూ తగ్గుతాయి. పారాసిటమాల్ ముఖ్యంగా మెదడు, వెన్నుపాము స్థాయిలో పనిచేస్తుంది. అందుకే రెండూ కలిపితే దేన్నయినా ఒక్కదాన్నే వేసుకున్న దానికంటే బాగా పనిచేస్తాయి. జ్ఞానదంతం సర్జరీ మీద 2013లో వచ్చిన కాక్రేన్ సమీక్ష ఇదే చెప్పింది. 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఆమోదించిన మార్గదర్శకాలు కూడా పెద్దవాళ్లకు, 12 ఏళ్లు దాటినవాళ్లకు వీటినే మొదట వాడమంటున్నాయి. ఓపియాయిడ్లను, అంటే మార్ఫిన్ జాతి మందులను, మొదటి మందుగా రాయొద్దన్నాయి. ఒక్కసారి వేసుకునే మోతాదులో ఐబుప్రొఫెన్‌ను 400 దాటించి 600, 800 చేస్తే నొప్పి తగ్గడంలో పెద్ద తేడా రాదు, కడుపు మీద భారం మాత్రం పెరుగుతుంది.

మందులు సరిగ్గానే రాశాం. తప్పు కాగితం మీద జరిగింది. దాని మీద "నొప్పి వస్తే వేసుకోవాలి" అని ఉంది.

మొదటి తప్పు: మాత్ర ఆలస్యం

పేషెంట్ ఇంటికెళ్లి పడుకున్నారు. పెదవి మొద్దుబారి ఉంది కాబట్టి నొప్పి లేదు, నొప్పి లేదు కాబట్టి మాత్ర వేసుకోలేదు. మధ్యాహ్నం 2:30 ప్రాంతంలో మత్తు దిగడం మొదలైంది. 4 గంటలకు సలుపు. "ఓర్చుకోగలిగినంత ఓర్చుకుందాం" అనుకుని 5 గంటలకు మొదటి మాత్ర వేసుకున్నారు. అప్పటికి నొప్పి పదికి ఎనిమిది. అది అయిదుకు దిగేసరికి రాత్రి 9 అయింది.

అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ బ్లాక్, అంటే నరం దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్, పెదవినీ నాలుకనూ 3 నుంచి 5 గంటలు మొద్దుగా ఉంచుతుంది. మాత్ర పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది, పూర్తి బలం రావడానికి ఇంకొంచెం. సర్జరీ నొప్పి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది గంటల మధ్య అత్యధికంగా ఉంటుంది. అంటే మత్తు దిగే వేళకూ నొప్పి శిఖరానికీ మధ్య ఉన్న వ్యవధి చాలా చిన్నది. మాత్ర ఆ వ్యవధి కంటే ముందే కడుపులో ఉండాలి. ఒకసారి ప్రోస్టాగ్లాండిన్లు గాయం దగ్గర పేరుకుని, నొప్పి నరాలు రెచ్చిపోయాక వేసుకున్న మాత్ర కొత్తగా తయారయ్యేవాటినే ఆపగలదు. అప్పటికే రేగిన సలుపు చల్లారడానికి గంటలు పడుతుంది. ఎనిమిది నుంచి అయిదుకు రావడానికి నాలుగు గంటలు పట్టింది అందుకే.

రాత్రి ఫోన్ చేసినప్పుడు పద్ధతి మార్చాం. నొప్పి ఉన్నా లేకపోయినా 11, 5, 11, 5. మొదటి 48 గంటలు ఇలాగే, ఆ తర్వాతే అవసరాన్ని బట్టి. బుగ్గ మీద ఐస్ ప్యాక్ 20 నిమిషాలు పెట్టి 20 నిమిషాలు తీయాలి, మొదటి రోజంతా. చర్మానికి నేరుగా కాకుండా గుడ్డ చుట్టి పెట్టాలి. తల కింద రెండు దిండ్లు. పడుకున్నప్పుడు సలుపు ఎక్కువవుతుందని చాలామంది చెబుతారు. తలకు రక్తం పోటు పెరగడమే దానికి కారణం, దిండు ఎత్తు పెంచితే చాలావరకు తగ్గుతుంది.

మరుసటి ఉదయం నొప్పి నాలుగు. రెండో రోజు సాయంత్రానికి రెండు. వాపు మాత్రం రెండో రోజు ఎక్కువైంది. అది సహజమే: వాపు 48 నుంచి 72 గంటల మధ్య శిఖరానికి చేరుతుంది, నొప్పి మొదటి రోజే. ఈ రెండు గీతలూ ఒకలా నడవవని ముందే చెప్పకపోతే, బుగ్గ ఉబ్బడం చూసి పేషెంట్ భయపడతారు.

మూడో రోజు

మూడో రోజు ఉదయం నొప్పి మళ్లీ నాలుగైంది. సాయంత్రం ఫోన్ వచ్చింది: చెవిలోకి పోటు, కణత దాకా లాగుతోంది, నోట్లో చెడు రుచి. ఇక్కడ మా వైపు రెండో తప్పు జరిగింది. "మందు సరిపోవట్లేదేమో, ఇంకొకటి కలుపుదాం" అని ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర మా క్లినిక్‌లో ఫోన్ ఎత్తినవాళ్లు ఫోన్లోనే చెప్పారు. ఒళ్లు వెచ్చగా అనిపించి పేషెంట్ తనంతట తానే 650 మి.గ్రా. పారాసిటమాల్ కూడా మొదలుపెట్టారు. రాత్రి నొప్పి ఎనిమిది.

నాలుగో రోజు ఉదయం క్లినిక్‌కు వచ్చినప్పుడు, ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో ఫోన్లో రాసుకున్నది చూపించారు. మేం ముందు సాకెట్ చూడలేదు, ఆ జాబితాలోని మోతాదులు లెక్కగట్టాం. గడిచిన 24 గంటల్లో పారాసిటమాల్: 500 మి.గ్రా. నాలుగు, కలిపిన మాత్రలో 325 చొప్పున రెండు, విడిగా 650 రెండు. 2000, 650, 1300 కలిపితే 3950 మి.గ్రా. పెద్దవాళ్లకు రోజుకు గరిష్ఠం 4 గ్రాములు. ఇంకొక్క మాత్ర వేసుకుని ఉంటే ఆ గీత దాటేవారు. దానికి తోడు ఐబుప్రొఫెన్ 1600, ఎసిక్లోఫెనాక్ 200: ఒకే జాతి మందులు రెండు ఒకే రోజు. కడుపులో మంట, పుల్లటి త్రేన్పులు రాత్రి నుంచే ఉన్నాయి.

ప్రమాదం ఇలాగే వస్తుంది. ఎవరూ ఒకేసారి పది మాత్రలు మింగరు. మాత్ర పేర్లు వేరు, డబ్బాలు వేరు, లోపల ఉన్నది మాత్రం ఒకటే. పేషెంట్‌కు చెప్పాల్సింది బ్రాండు పేరు కాదు. "డబ్బా మీద పారాసిటమాల్ అని ఎక్కడున్నా లెక్కలోకి వస్తుంది, జలుబు మాత్ర అయినా సరే" అని చెప్పాలి. మద్యం ఎక్కువగా తాగేవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, 50 కిలోల లోపు బరువున్నవాళ్లకు 4 గ్రాముల గీత వర్తించదు, ఇంకా కిందికి దించాలి.

సాకెట్ పరీక్ష

టెంపరేచర్ 37.1 డిగ్రీల సెల్సియస్. దవడ కింద గడ్డలు తగల్లేదు. నోటి అడుగు మెత్తగా ఉంది, మింగడంలో ఇబ్బంది లేదు. నోరు 29 మి.మీ. తెరుచుకుంది. పెదవి, గడ్డం, నాలుక స్పర్శ మామూలుగా ఉంది. చీము లేదు.

అద్దం పెట్టి చూస్తే సాకెట్‌లో ఉండాల్సిన ముదురు ఎర్రటి రక్తపు గడ్డ లేదు. అడుగున బూడిద రంగు పిప్పి, అందులో తిండి తునకలు. సెలైన్‌తో అది కొట్టుకుపోగానే వెనక గోడలో లేత పసుపు తెల్లని ఎముక నున్నగా బయటపడింది. మొద్దు ప్రోబ్ దానికి ఆనీ ఆనకముందే పేషెంట్ చెయ్యి పైకి లేచింది: "ఇదే, రాత్రంతా ఉన్నది ఇదే నొప్పి". పక్క పన్ను తట్టినా, చిగురు నొక్కినా ఆ నొప్పి రాలేదు. రోగ నిర్ధారణకు ఈ ఒక్క స్పర్శ చాలు. అయినా ఎక్స్‌రే తీశాం, లోపల వేరు ముక్కగానీ ఎముక తునకగానీ మిగిలిపోలేదని తేల్చుకోవడానికి. ఏమీ లేదు.

ఇది డ్రై సాకెట్, వైద్య భాషలో ఆల్వియోలార్ ఆస్టియైటిస్. డ్రై సాకెట్ అన్న పేరు 1896 నుంచి వాడుకలో ఉంది. పన్ను తీసిన చోట ఒకటి నుంచి మూడు రోజుల మధ్య నొప్పి పెరగడం, గడ్డ కొంతగానీ పూర్తిగాగానీ కరిగిపోవడం, దుర్వాసన ఉండొచ్చు లేకపోవచ్చు: ఇదీ దీని నిర్వచనం. మామూలుగా పన్ను తీసినప్పుడు నూటికి ఒకరి నుంచి అయిదుగురిలో వస్తే, కింది జ్ఞానదంతం సర్జరీల్లో కొన్ని పరిశీలనల్లో 25, 30 మంది దాకా కనిపించింది.

గడ్డ "ఊడిపోయింది" అని అందరూ అంటారు. చాలాసార్లు అది ఊడదు, కరుగుతుంది. దెబ్బతిన్న ఎముక మజ్జ నుంచి వెలువడే పదార్థాలు, నోటి బ్యాక్టీరియా పుట్టించేవి, రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తాయి. ప్లాస్మిన్ గడ్డలోని ఫైబ్రిన్ దారాలను తెంపేస్తుంది. మొదటి రెండు రోజులు నొప్పి తగ్గి, మూడో రోజు పెరగడానికి కారణం ఇదే: కరగడానికి అంత సమయం పడుతుంది. ఆ తర్వాత ఎముక గాలికీ ఉమ్ముకూ తిండికీ తెరుచుకుంటుంది. దాని మీద ఎంత బలమైన మాత్ర వేసినా పైపైనే.

ఈ పేషెంట్‌లో కారణాలు వెతికితే నాలుగు దొరికాయి. పన్ను చుట్టూ గతంలో రెండుసార్లు ఇన్ఫెక్షన్. ఎక్కువసేపు పట్టిన సర్జరీ. మొదటి రోజు సాయంత్రమే రక్తపు రుచి పోవాలని గట్టిగా పుక్కిలించి ఉమ్మడం. నాలుగోది, ఇప్పుడు పేరు పెట్టి అడిగితే తెలిసింది: గర్భనిరోధక మాత్రలు. వాటిలోని ఈస్ట్రోజెన్ గడ్డ కరిగే ప్రక్రియను పెంచుతుంది, డ్రై సాకెట్ ముప్పు ఎక్కువవుతుంది. వాటిని ఎవరూ "మందులు" అనుకోరు. "మందులేమైనా వాడుతున్నారా?" అన్న ప్రశ్నకు అందుకే "లేవు" వచ్చింది. గర్భనిరోధక మాత్రలు, నిద్ర మాత్రలు, ఆకు మందులు, రక్తం పలచబడే మాత్రలు, వీటిని పేరు పేరునా అడగాలి. పొగ తాగడం పెద్ద కారణాల్లో ఒకటి, ఈమెకు ఆ అలవాటు లేదు.

చికిత్స

సాకెట్ కడిగేటప్పుడు ఓర్చుకోలేరు కాబట్టి ముందు బ్లాక్ ఇచ్చాం. గోరువెచ్చని స్టెరైల్ సెలైన్ 20 మి.లీ., మొద్దు సూది వంచి, నెమ్మదిగా. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో కడగలేదు: తెరిచిన సాకెట్‌లో దాన్ని వాడినప్పుడు ప్రాణం తీసే అలర్జీలు నమోదయ్యాయి. సెలైన్ చేసే పనే ఇక్కడ కావాలి, అంతకంటే అక్కర్లేదు. గోడలను గీకలేదు. గీకితే కొత్త రక్తం వస్తుందని, కొత్త గడ్డ కడుతుందని కొందరు గీకుతారు. దానివల్ల మిగిలిన గడ్డ కూడా పోతుంది, తెరిచిన ఎముక ఇంకొంచెం పెరుగుతుంది, బ్యాక్టీరియా లోపలికి వెళ్తుంది.

తర్వాత డ్రెస్సింగ్. అయోడిన్ అలర్జీ లేదని అడిగి తెలుసుకున్నాక, 6 మి.మీ. వెడల్పు అయోడోఫార్మ్ గాజ్ 5 సెం.మీ. కత్తిరించి, లవంగ నూనెలో ఉండే యూజినాల్ చుక్కలు వేసి, రెండు గాజ్ ముక్కల మధ్య నొక్కి మిగులు పిండేశాం. ఈ పిండడం వదిలేస్తే యూజినాల్ చిగురునూ నాలుకనూ కాలుస్తుంది. సాకెట్‌లోకి వదులుగా, మడతలు మడతలుగా పేర్చాం, కొన బయటికి కనిపించేలా. బిగించి కుక్కితే కింద నుంచి మానడానికి చోటుండదు. పొడవు, ముక్కల సంఖ్య కేస్ షీట్‌లో రాశాం: మర్చిపోయిన గాజ్ ముక్క నెలల తర్వాత ఇన్ఫెక్షన్‌గా తిరిగి వస్తుంది. గట్టిపడే జింక్ ఆక్సైడ్ యూజినాల్ ముద్దను సాకెట్‌లో నింపడం మేం చెయ్యం. అది ఎముకకు అతుక్కుని, తీసేటప్పుడు కొత్త గాయం చేస్తుంది.

కుర్చీ దిగేటప్పుడు నొప్పి సున్నా అన్నారు. ఆ సున్నా మత్తుది. డ్రెస్సింగ్ పనిచేసిందో లేదో తెలిసేది మత్తు దిగాకే. అందుకని సాయంత్రం మేమే ఫోన్ చేసి అడిగాం: మూడు.

రెండు నొప్పి మందులూ, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, కడుపు మంట వల్ల ఆపేశాం. ఒమిప్రజోల్ 20 మి.గ్రా. ఉదయం పరగడుపున, అయిదు రోజులు. పారాసిటమాల్ అప్పటికే గీత దగ్గర ఉంది కాబట్టి ఆ రాత్రి దాకా ఇవ్వలేదు, తర్వాత అవసరమైతే 500 మి.గ్రా., రోజుకు నాలుగు దాటకుండా. మర్నాటి నుంచి అదీ రోజుకు ఒకటి రెండే పట్టింది. ముందు రోజు మూడు రకాల మాత్రలు చేయలేని పనిని 5 సెం.మీ. గాజ్ చేసింది.

యాంటీబయాటిక్ ఇమ్మని పేషెంట్, వెంట వచ్చిన అమ్మగారు ఇద్దరూ అడిగారు. ఇవ్వలేదు. జ్వరం లేదు, చీము లేదు, గడ్డలు లేవు. డ్రై సాకెట్ నొప్పి యాంటీబయాటిక్‌తో తగ్గదు. "మరి ఇన్ఫెక్షన్ అయితే?" అన్న ప్రశ్న న్యాయమైనదే, దానికి జవాబుగా ఏం కనిపిస్తే వెంటనే రావాలో రాసిచ్చాం: 38 డిగ్రీలు దాటిన జ్వరం, నాలుక కింద గట్టిపడిన వాపు, మింగడం లేదా ఊపిరి కష్టం కావడం, నోరు రోజురోజుకూ ఇంకా బిగుసుకుపోవడం. వీటిలో మింగడం, ఊపిరి సంగతైతే క్లినిక్ తెరిచేదాకా ఆగకూడదు, నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఆరో రోజు డ్రెస్సింగ్ మార్చాం, నొప్పి ఒకటి. ఎనిమిదో రోజు తీసేశాం, మళ్లీ పెట్టలేదు. నొప్పి తగ్గాక కూడా గాజ్ ఉంచితే మానడం ఆలస్యమవుతుంది. ఆ తర్వాత ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయడం, ఉమ్మకుండా. పద్నాలుగో రోజుకు ఎముక కనిపించలేదు, గులాబీ రంగు కొత్త కండ పరుచుకుంది. నోరు 40 మి.మీ.

ఐబుప్రొఫెన్ పనికిరానివాళ్లు

ఈ పేషెంట్‌కు కుదిరిన మందులు అందరికీ కుదరవు. కడుపులో అల్సర్ వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఆస్పిరిన్‌కు ఆయాసం వచ్చే ఆస్తమా వాళ్లు, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవాళ్లు, 20 వారాలు దాటిన గర్భిణులు, లిథియం లేదా మెథోట్రెక్సేట్ మీద ఉన్నవాళ్లు ఐబుప్రొఫెన్ జోలికి వెళ్లకూడదు. బీపీకి ఏసీఈ ఇన్హిబిటర్‌తో పాటు మూత్రం మాత్ర కూడా వాడేవాళ్లలో మూడోదిగా ఐబుప్రొఫెన్ చేరితే కిడ్నీ దెబ్బతినొచ్చు. గుండెకు చిన్న మోతాదు ఆస్పిరిన్ వేసుకునేవాళ్లలో ఐబుప్రొఫెన్ ఆ ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది. వీళ్లందరికీ పారాసిటమాల్ 1000 మి.గ్రా., ఎనిమిది గంటలకోసారి, దానితో పాటు ఎక్కువసేపు ఉండే మత్తు మంచి దారి. 0.5 శాతం బుపివకెయిన్ బ్లాక్ మొదటి రోజు నొప్పి ఎక్కువగా ఉండే గంటలను చాలావరకు దాటించేస్తుంది. అయితే అంతసేపూ పెదవి కొరుక్కోకుండా చూసుకోవాలి. ఇంట్లో కొందరు ఆస్పిరిన్ మాత్రను నొప్పి ఉన్న చిగురు పక్కన నొక్కి ఉంచుతారు. నొప్పి తగ్గదు, ఆ చోట చర్మం తెల్లగా కాలి ఇంకో పుండు తయారవుతుంది.

రెండో వైపు

నాలుగు నెలల తర్వాత కుడి వైపు 48వ పన్ను తీశాం. అది కూడా అదే కోణంలో ఒరిగింది. ఈసారి సర్జరీ తేదీని గర్భనిరోధక మాత్రల చక్రంలో 23 నుంచి 28 రోజుల మధ్య, హార్మోన్ లేని రోజుల్లో పెట్టాం. కుట్లు వేసే ముందు సాకెట్‌లో 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ జెల్ పెట్టాం. దానికి ముందు మౌత్‌వాష్‌గా అది పడిందని, అలర్జీ లేదని నిర్ధారించుకున్నాం. మొదటి 24 గంటలు పుక్కిలించొద్దని, ఉమ్మొద్దని, స్ట్రాతో తాగొద్దని చెప్పడమే కాకుండా కారణం కూడా చెప్పాం. గాజ్ కొరికి ఉన్న 40 నిమిషాలూ క్లినిక్‌లోనే కూర్చోబెట్టి, తీశాక చల్లని పాలు తాగించి, ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ మొదటి మోతాదు మా ముందే వేయించాం. మత్తు ఇచ్చింది 10:10కి, మాత్ర పడింది 11:45కి.

ఇంటికిచ్చిన కాగితం మీద "నొప్పి వస్తే" అన్న మాట లేదు. వరుసగా గంటలు ఉన్నాయి, ప్రతి గంట పక్కన టిక్ పెట్టుకునే గడి ఉంది. కింద ఒక వాక్యం: "రెండో రోజు కంటే మూడో రోజు నొప్పి ఎక్కువైతే మాత్ర పెంచకండి, ఫోన్ చేసి వచ్చేయండి." ఫోన్ ఎత్తేవాళ్లకు కూడా అదే వాక్యం డెస్క్ మీద అంటించి ఉంది.

ఆ కాగితం వారం తర్వాత తిరిగి వచ్చింది. అత్యధిక నొప్పి మొదటి రోజు సాయంత్రం 6 గంటలకు, నాలుగు. మూడో రోజు గడిలో ఒకటి.